విత్తనపు జత

"ఎర్రిసామి, వాళ్ల బావ పెంచిన దీమపు పిట్టను కోసి, మసాలా నూరి, కూరొండుకుని తిన్యాడని మీ పక్కింటి మారెక్క చెప్పిందంట. మొన్న కాలంజేసిన గాజుల నాగమ్మ ఆ మాటని మూటగట్టుకుని మా తావుకి మోసుకొచ్చినాది. నిజమేనేమిరా?" అని అడుగుతున్నాడు వన్నూరప్ప.

అడుగుతున్నవాడు పోయి ఏడాది దాటిందని ఎర్రిస్వామికి తెలుసు, అయినా అదేమంత పెద్ద సంగతిలా తోచడం లేదు. వన్నూరప్ప అతని భార్య కదిరెమ్మకు అన్న, అతనికి కౌజుపిట్టల వేట నేర్పినవాడు. బతికున్నన్నాళ్లూ ఈ గుట్టంతా తన పెరడన్నట్టు వల భుజాన వేసుకుని తిరిగిన మనిషి, ఇప్పుడు అదే గుట్ట కింద, పట్నంవాళ్లు షికారు నడవడానికి సర్కారు వేసిన పార్కు గేటు దగ్గర, టికెట్ల గది కిటికీలోంచి తలపాగాతో సహా ముఖం బయట పెట్టి ఉన్నాడు.

"అయ్యో బావా, నీ పిట్ట బంగారమట్లుండాది. పొద్దున గూడా చెదపురుగులు పెట్టినా. మారెక్క ముక్కుకు మా ఇంట్లో వంకాయ ఉడికినా పిట్ట వాసనే."

"అట్లయితే సరే. టికెట్ చూపీ."

"నాకు గూడా టికెట్టా?"

"చెల్లెలి మొగుడివని ఇడిస్తే ఎట్లరా? సచ్చినాక దొరికిన ఉద్యోగం, పోగొట్టుకోమంటావా?"

నవ్వేలోపల కిటికీ లేదు, గది లేదు, ఇద్దరూ గుట్ట ఎక్కుతున్నారు, సిమెంటు మెట్లు పాదాల కింద దున్నిన చేనులా మెత్తగా దిగబడుతున్నాయి, ఇనుప కడ్డీల కంచె నడుస్తుండగానే బలుసు కంపలుగా మారిపోతోంది, దీమపు పిట్ట బోను ఒకసారి బావ చేతిలో ఉంటుంది, ఒకసారి తన చేతిలో. దీమమంటే బోనులోంచి కూసి అడవిపిట్టల్ని వల దాకా పిలిచే పెంపుడు పిట్ట. ఆ చుట్టుపక్కల ఊళ్లలో వన్నూరప్ప దీమానికి సాటి లేదు.

తూర్పు వాలు దగ్గరికొచ్చేసరికి ఎర్రిస్వామి నిలబడిపోతాడు. ఎంత వేటగాడైనా ఒక్కో వాలులో ఒక్కో జతను ముట్టకుండా విడిచిపెట్టాలి, దాన్ని విత్తనపు జత అంటారు. ఎంత కరువొచ్చినా విత్తనం చెనక్కాయలు ఉడకేసుకోని రైతుకున్న నీతే ఇదీనూ. ఈ వాలులో తెల్లవారగానే కూసే జత, వానల్లేని ఒక ఏడు ఉన్నట్టుండి మూగపోయింది. వన్నూరప్ప దీమానికి తప్ప ఆ జత ఇంక దేనికీ వచ్చేది కాదని ఊరంతా లెక్కగట్టి, అతనికి "విత్తనం తిన్నోడు" అని పేరు పెట్టింది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు అతను. ఆ పేరుతోనే పోయాడు.

"బావా," అంటాడు ఎర్రిస్వామి, "ఆ జతను పట్టింది నేను. నువ్వు జరమొచ్చి పండుకున్న పొద్దున, నిన్నడక్కుండా నీ దీమాన్ని తీసుకపోయినా. రెండూ ఒకేపారి వల కిందికొచ్చి నిలబడినాయి. ఇడిచిపెడదామనే అనుకున్నా. చెయ్యి ఆగల్యా."

"తెలుసు లేరా. బోను ముడి నేను ఎడమపక్కకేస్తా. ఆ పొద్దు కుడిపక్కకుండాది."

"మరి అందరూ నిన్నంటా ఉంటే నోరెందుకు మూసుకున్యావు?"

"నీ పేరు చెప్తే మా చెల్లెలు కొళాయికాడ నలుగుర్లో ఎట్ల నిలబడాల? నేను ఒంటోణ్ణి. నన్నంటే నాకొక్కనికే నొచ్చేది."

"నొచ్చిందా బావా?"

"నొచ్చకేమి? రాయినా నేను?"

ఆ మాటతో వల తనంతట తానే పరుచుకుంటుంది, వన్నూరప్ప దాని తాడు ఎర్రిస్వామి చూపుడువేలికి చుట్టి, "పట్టుకో, ఊపిరి గూడా గట్టిగా ఇడవద్దు" అంటాడు. ఎండుగడ్డి కదులుతుంది. మొదట పుంజు, వెనకనే పెట్ట, ఆ వెనక ఎవరో గుప్పెడు బొరుగులు చల్లినట్టు పిల్లలు, తొమ్మిదో పదకొండో, లెక్కపెట్టబోతే కలిసిపోతూ విడిపోతూ, నేరుగా వల కిందికే వస్తాయి.

"యాడివి బావా ఇవి?"

"పక్క గుట్టనుంచి నడిచొచ్చినాయి. తావు బాగుంటే వస్తాయిరా. మనుషుల మాదిరి అలిగి కూచోవు."

తాడు వేలిని కోస్తోంది. చెయ్యి పాత దారి పడదామని జిలపెడుతోంది. ఎర్రిస్వామి లాగడు. పిల్లలు అతని పాదాల మీదుగా, వెచ్చగా, ఒకదాని తర్వాత ఒకటి దాటిపోతాయి. పక్కన బావ లేడు, మాట మాత్రం ఉంది: "ఇప్పుడు నేర్చుకున్యావురా పని."

కళ్లు తెరిచేసరికి పందిట్లో ఎండ వాలింది. మంచం పక్కన తెగి వేలాడుతున్న నులక తాడొకటి అతని చూపుడువేలికి చుట్టుకుని, కింద ఎర్రటి గీత పడి ఉంది. దాన్ని విప్పకుండానే లేచి కూర్చుని, ఎదురుగా చింతపండు గింజలు తీస్తున్న కదిరెమ్మకు ఆ కరువు ఏటి పొద్దు నుంచి ఇప్పటి కల దాకా ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. అన్న పేరు వచ్చినచోట కొంగు కళ్లకు పోయింది.

"బావకు చెప్పేసినా. ఎదమీద బండ దిగిపోయినట్లుంది" అన్నాడు చివరికి.

"సచ్చినోనికి చెప్పేదానికి ధైర్యమెందుకు?" అంది కదిరెమ్మ. "పాలకేంద్రం కాడ ఈ పొద్దుకి ఊరంతా ఉంటాది. చొక్కా తొడుక్కో."