ఆదివారం ఆరేసిన బట్టలు

“తాడు కట్టడం కూడా రాదు,” అంది మా అత్తగారు గెనోవెఫా, వంటింటి కిటికీ దగ్గర కూర్చుని. నాతో కాదు, చేతిలో ఒలుస్తున్న బంగాళాదుంపతో. మా ఇంట్లో నా గురించిన మాటలన్నీ ముందు కూరగాయలు వింటాయి, ఆ తర్వాతే నేను.

నేను కట్టిన తాడుకు ఏ లోపమూ లేదు. ఒక కొస ఇంటి గోడకున్న కొక్కేనికి, రెండో కొస చెరువు ఒడ్డున పాతిన ఇనప స్తంభానికి. పెళ్ళయినప్పటినుంచీ అక్కడే ఆరేస్తున్నాను. ఈ ఏడు మంచు కరిగాక మొదటిసారి దుప్పట్లు వేయబోతే తాడు బిగుసుకుని ఉంది. చలికి ముడుచుకుంది కాబోలనుకుని విప్పి, వదులుగా కట్టాను. మళ్ళీ ఉతుకు నాటికి వయొలిన్ తీగలా తయారైంది. మళ్ళీ విప్పాను. మూడోసారి మాత్రం ముడిని చూడటం మానేసి స్తంభాన్ని చూశాను. అది వంగలేదు. నిటారుగానే, తన కింది నేలతో సహా, నీళ్ళ వైపు జరుగుతోంది. దానికి ఇవతల గడ్డిలో వేలు పట్టేంత చీలిక. చేతిలో ఉన్న బట్టల క్లిప్పు అందులో జారవిడిచి చెవి ఒగ్గాను. పడిన చప్పుడు రాలేదు. ఈ ఇంట్లో నేను అన్న మాటలు ఎటు పోతాయో అదీ అటే పోయింది.

ఈ చెరువు దేవుడు తవ్వింది కాదు, మా మామగారు తవ్వింది. సాన్ నది పక్కన కంకర క్వారీ. బతికున్నన్నాళ్ళూ ఆయన కంకర తీయిస్తూనే ఉన్నాడు. పైన అయిపోయాక నీటి అడుగునుంచి, అదీ అయిపోయాక ఒడ్డు కడుపులోంచి. ఆయన పోయాక నా భర్త మిరెక్ ఎవరెవరో పునాదులు తవ్వి పారబోసే మట్టిని లారీలతో తోలించి అంచులు పూడ్పించాడు. పైన పచ్చిక పరిపించాడు. పచ్చిక పరిస్తే ఎలాంటి నేలయినా పెద్దమనిషిలా కనిపిస్తుంది.

ఆ పచ్చిక మీదే ఇప్పుడు ప్రకృతి ఒడిలో కాలనీ రాబోతోంది. శీతాకాలమంతా దాని ప్రణాళిక నా వంటింటి బల్ల మీదే తయారైంది. పైకప్పుల మీద గడ్డి, ఇళ్ళ మధ్య కంచెలుండవు, సింకు నీళ్ళను రెల్లు మొక్కలు శుభ్రం చేస్తాయి, గబ్బిలాలకు కూడా గూళ్ళు. గబ్బిలాల నిద్రకు భంగం కలగకూడదని మిరెక్, ఆర్కిటెక్టు క్సావెరీ ఒక సాయంత్రమంతా తర్జనభర్జన పడ్డారు. ఆ సాయంత్రం నాకు జ్వరం. బంగాళాదుంప కూరిన పియెరోగీలు చేసి పెట్టాను, తిన్నారు, ఉప్పు తక్కువైందన్నారు. “ప్రకృతి అంటే అడక్కుండానే ఇచ్చే తల్లి,” అన్నాడు క్సావెరీ, నా వైపు చూడకుండానే కప్పు చాపుతూ. నేనూ అడక్కుండానే పోశాను. కాలనీకి ‘రిపా’ అని పేరు పెట్టింది నేను. లాటిన్‌లో ఒడ్డు అని అర్థం. కాలేజీలో నేను చదివిన లాటిన్ ఈ ఇంట్లో పనికొచ్చింది ఆ ఒక్కసారే. కరపత్రంలో ఆ పేరు క్సావెరీకి తట్టిందని ఉంది. నేను ప్రూఫులు దిద్ది పెట్టాను.

రిపాలో ఒక్క నిషేధం ఉంది. ఎవరూ బట్టలు బయట ఆరేయకూడదు. “చెట్లూ నీళ్ళూ చూద్దామని వచ్చినవాళ్ళకు మన డ్రాయర్లు చూపిస్తామా?” అన్నాడు మిరెక్. కరపత్రం మీద ఒడ్డులో గూళ్ళు పెట్టే పిచ్చుకలు ఎగురుతుంటాయి. నిజం పిచ్చుకలు ఈ వసంతంలో వచ్చి, మా గట్టు చుట్టూ తిరిగి, అవతలి గట్టులో బొరియలు తవ్వుకున్నాయి. మిరెక్ బజారునుంచి కొయ్య పిచ్చుకలు తెచ్చి ఒడ్డున గుంజలకు మేకులతో బిగించాడు.

ఆ మే ఆదివారం చర్చి ప్రార్థన అయ్యాక, ఇళ్ళు బుక్ చేసుకున్నవాళ్ళంతా పిల్లాపాపలతో ఒడ్డు మీద భోజనానికి రావాలి. సరిగ్గా నా స్తంభం పక్కన, చీలికకు అవతల, పొడవాటి బల్ల. శుక్రవారం మిరెక్ చొక్కాకు బొత్తాం కుడుతూ చెప్పాను.

“ఒడ్డు జారుతోంది, మిరెక్. బల్ల ఇంటి ముందు వేద్దాం.”

“ఒడ్డు అమ్ముకునేవాణ్ణి, జనాన్ని వాకిట్లో కూర్చోబెట్టనా?”

“చీలిక ఉంది. వచ్చి చూడు.”

“నేల ఊపిరి తీసుకుంటుంది, బొజెనా. ఎండాకాలం కొంచెం, వానాకాలం కొంచెం. నేనీ గోతిలో పుట్టాను. నువ్వు పుస్తకాల్లో పుట్టావు.”

“ఇంజనీరు ఒడ్డు దగ్గర చూశాడా?”

“ఇళ్ళు వచ్చే చోట చూశాడు. భోజనం చేసే చోటికి కూడా ఇంజనీరు కావాలా? నీ వంటకేమో గానీ.” తన జోక్‌కు తనే నవ్వుకున్నాడు. “అన్నట్టు ఆదివారంలోగా ఆ తాడూ స్తంభమూ పీకెయ్. ఇల్లు చాకిరేవులా ఉంది.”

“అబ్బాయికి అప్పుడే అపశకునం పలుకుతావేమిటి, అమ్మాయీ,” అంది అత్తగారు. “మీ మామగారి గట్టు అది. ఆయన కట్టింది కూలుతుందా?”

దారం కొరికాను. ఇరవై ఏళ్ళలో ఈ ఇంట్లో కొరికిన దారాలన్నీ కలిపితే ఇంకో తాడు అవుతుంది. నిజం చెప్పాలంటే నాకూ చెప్పాలని లేదు. చెబితే పోయేది మిరెక్ పరువు ఒక్కటే కాదు. ఈ ఇల్లు, పైకప్పు, నేను ఉతికే దుప్పట్లు అన్నీ ఆ ఒడ్డు మీదే ఆధారపడి ఉన్నాయి. నోరు మూసుకుంటే బహుశా ఏమీ కాదు. నేల ఇంకో ఏడాది ఓపిక పట్టవచ్చు. ఆడవాళ్ళు పట్టడం లేదూ? కానీ స్తంభానికి దగ్గరగా వేయబోయే కుర్చీ ఎవరిదో నాకు తెలుసు. బడిపంతులమ్మ కింగాది. నిండు గర్భిణి, చల్లగాలి తగలాలని మిరెకే ఆ చోటు ఎంచాడు. ఆమె నాలుగేళ్ళ కూతురు లిల్కా పోయినసారి వచ్చినప్పుడు ఆ గడ్డి మీద గెంతుతూనే ఉంది. ఆ రాత్రంతా నా కళ్ళ ముందు ఆ గెంతులే.

ఆదివారం అందరూ చర్చికి వెళ్ళారు. నేను వెళ్ళలేదు, అంతమందికి వండాలంటే దేవుడే సెలవిచ్చేశాడని మిరెక్ అన్నాడు. సాసేజ్‌లు, చల్లటి బీట్‌రూట్ సూప్, జున్ను కేకు సిద్ధం చేశాను. ఆ తర్వాత, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని చేశాను. బట్టలు ఉతికాను.

మా ఊళ్ళో ఆదివారం నాడు మొగుణ్ణి కొట్టినా పాదిరీ దగ్గర ఒప్పుకుంటే సరిపోతుంది. బట్టలు ఆరేస్తే మనవల కాలం దాకా చెప్పుకుంటారు.

తాడు విప్పి, దుప్పట్ల అంచులు గడ్డిని ఊడ్చేంత వదులుగా కట్టాను. ఒడ్డుకు పోయే బాట ఆ తాడు కిందుగానే పోతుంది. బాటకు సరిగ్గా ఎదురుగా మిరెక్ శీతాకాలపు పొడుగు డ్రాయర్లు, పక్కనే అత్తగారు లోపల బిగించుకునే గులాబీరంగు నడికట్టు. ఏ మగవాడూ తన లోదుస్తుల కిందుగా అతిథులను నడిపించుకుని పోడు. అంతవరకూ నాకు నమ్మకముంది. ఆపైన ఏమవుతుందో తెలియదు.

గేటు దగ్గర కార్లు ఆగాయి. ముందుగా లోపలికొచ్చిన అత్తగారు గుండె మీద శిలువ గుర్తు వేసుకుంది. “ఆదివారం పూట, అమ్మాయీ. పదిమంది ముందూ.” వెనకాల వస్తున్నవాళ్ళు బాట మీదే ఆగారు. ఎవరో మగగొంతు “ఇదీ ప్రకృతే,” అంది, రెండు మూడు నవ్వులు వినిపించాయి. మిరెక్ మొహం నడికట్టు రంగుకు తిరిగింది.

“పిచ్చి పట్టిందా నీకు?” అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

“దుప్పట్లు చూడు.”

పొద్దున గడ్డిని ఊడ్చిన అంచులు ఇప్పుడు జానెడు ఎత్తున గాల్లో ఉన్నాయి. లిల్కా అప్పటికే వంగి దుప్పటి కిందనుంచి దూరబోతోంది. గౌను వెనకనుంచి పట్టుకుని ఆపాను. పిల్ల గింజుకుంది, నేను వదల్లేదు.

“మా ఆవిడకు తాడు కట్టడం రాదులెండి,” అని అతిథులకు వినపడేలా నవ్వి, మిరెక్ ముడి విప్పడానికి తాడు మీద చెయ్యి వేశాడు.

వేసిన చెయ్యి అక్కడే ఆగింది. నాకు తెలుసు, తాడు సన్నగా వణుకుతోంది, లోపల ఏదో లాగుతున్నట్టు. క్వారీలో పుట్టినవాడికి అది చెప్పనక్కర్లేదు. నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్ళు మాత్రం నా వైపు తిరిగాయి. ఇన్నేళ్ళ కాపురంలో అతను నన్ను బతిమాలడం అదే మొదటిసారి.

“ఇప్పుడొద్దు,” అన్నాడు, పెదవులు కదలకుండా. “భోజనం కానీ. వాళ్ళు వెళ్ళాక చూద్దాం. నీ మాటే వింటాను.”

నీ మాటే వింటాను. ఈ ఒక్క ముక్క కోసం ఎన్ని చలికాలాలు కాచుకుని ఉన్నాను. అదిప్పుడు, నేను నోరు మూసుకోవడానికి బదులుగా వచ్చింది.

“కింగా గారూ,” అన్నాను, “మీ చెయ్యి ఇలా ఇవ్వండి.”

ఆమె రెండో చెయ్యి పొట్ట మీద పెట్టుకుని వచ్చింది. ఆమె వేళ్ళను తాడు మీద ఉంచాను. “ఇది నేను పొద్దున వదులుగా కట్టాను. లాగుతున్నది ఒడ్డు. బల్ల దగ్గరికి ఎవరూ వెళ్ళకండి. ఇళ్ళ సంగతి తర్వాత మీరే ఆలోచించుకోండి.”

కింగా తాడు వదిలి వెనక్కి జరిగింది. “లిల్కా, నా దగ్గరికి రా,” అంది, చాలా మామూలుగా. ఆమె తర్వాత ఆమె భర్త తాడును తాకాడు. ఆ తర్వాత ఇంకెవరో. ఎవరూ నవ్వలేదు. దుప్పట్ల అవతల పొడవాటి బల్ల, దాని చుట్టూ ఖాళీ కుర్చీలు, కొయ్య పిచ్చుకలు.

“ఏదో చిక్కుపడ్డ ముడి,” అన్నాడు మిరెక్, అందరికీ, ఎవరికీ కాకుండా. “ఆడవాళ్ళ ముడి. బిగుసుకుంటుంది.”

అప్పుడు అత్తగారు ముందుకొచ్చింది. ఆదివారపు తెల్ల చేతొడుగు ఒక్కొక్క వేలే లాగి తీసింది. ఉత్త చేత్తో తాడు పట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నిలబడింది. భర్త ఆ ఒడ్డు కింద ఎంత లోపలికి తవ్వించాడో ఆమెకు తెలియకుండా ఉంటుందా.

“ముడిలో తప్పేమీ లేదు, మిరెక్,” అంది.