గుండారు నిండిన ఏడు

తిరుమంగళం దాపున ఉన్న ఆ నల్లరేగడి పల్లెలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు. తెలుగు చదివే ఇల్లు మాత్రం ఒక్కటే, రామక్కాళ్‌ది. తెలుగు నాయకరాజుల రాజ్యం పోయి కుంపిణీ దొరలు వచ్చాక తెలుగు చదివినవాడికి కచ్చేరిలో పనేముంది? మగపిల్లలు వీధిబడికి పోయి అరవం దిద్దుకున్నారు. ఆడపిల్లలను ఆ బడి గుమ్మం కూడా ఎక్కనిచ్చేవారు కాదు. రామక్కాళ్‌కు చిన్నప్పుడు నాయన పెరట్లో ఇసుక పోసి చదవడం నేర్పాడు. గంటం పట్టి తాటాకు మీద రాయడం నేర్పేలోగా కన్ను మూశాడు. ఇప్పుడు ఆమె తన కూతురు పాపమ్మాళ్‌ను అలాగే ఇసుక ముందు కూర్చోబెట్టింది.

చదవడానికి ఆకులు భజన మఠం ఇచ్చేది. ముత్తాతలు ఉత్తరాది నుంచి మోసుకొచ్చిన తాటాకు కట్టలు అక్కడి అటక మీద ఉండేవి. మఠం చూసుకునే ముసలి చెన్నకేశవన్ ఎవరడిగినా దించి ఇచ్చేవాడు, కాసు పుచ్చుకునేవాడు కాదు. తిరిగి తెచ్చేటప్పుడు ఆకులకు పసుపు, నూనె పట్టించి తెమ్మనేవాడు. అరవ నెల ఆడిలో వచ్చే ఏటి పండగ పూజకు మాత్రం కట్టలన్నీ మఠం చేరాలనేవాడు. అడిగే పుణ్యాత్ములు ఎవరు గనక! రామక్కాళ్ ఒక్కతే. ఆ ఏడు పాపమ్మాళ్ గుణింతాలు దాటి, కూడబలుక్కుంటూ మొదటి కట్టలో పడింది. తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ అడవికి పోయిన గొల్లపడుచు కథ అది. తర్వాతేమైందని పిల్ల ప్రాణం తీసినా తల్లి చెప్పేది కాదు.

"సదువుకో, తెలుస్తాది" అనేది.

అంతలో చెన్నకేశవన్ పోయాడు. మఠం తాళంచెవి అతని అన్న కొడుకు కుళందైసామి చేతికి వచ్చింది. మంచివాడే. అదే మన ఖర్మ, చెడ్డవాడైతే నాలుగు తిట్టి కడుపుమంట తీర్చుకోవచ్చు. అతనికి అరవం తప్ప రాదు. ఎవరూ చదవని ఆకు ఉంటే దోషమని, ఆ పండగనాడు, ఆడి నెల పద్దెనిమిదిన, దాన్ని ఏటికి అప్పగించడం ఆ సీమ వాడుక. పూర్వం పాత ఆకులోది కొత్త ఆకు మీదికి ఎక్కించాకే పాతది నీళ్లలో విడిచేవారు. ఎక్కించే చేతులు పోయాయి, విడిచే చేతులు మిగిలాయి. వరస కరువులతో ఊరి ఏరు గుండారు ఎండబట్టి ఆ కట్టలు ఇన్నాళ్లు బతికాయి గానీ, ఆ ఏడు పడమటి కొండల్లో వానలు కురిసి ఏరు నిండుగా వచ్చింది. వానకోసం అమ్మవారికి పొర్లుదండాలు పెట్టినవాళ్లలో రామక్కాళ్ కూడా ఉంది.

ముసలాయన మాట తప్పకూడదని ఆమె పండగనాడు పొద్దున్నే తన దగ్గరున్న కట్టకు నూనె పట్టించి మఠానికి తెచ్చింది. మిగతా కట్టలన్నీ పూలు చుట్టిన గంపలో ఉన్నాయి.

"ఏంది సామీ ఇది?"

"ఏట్లో విడిచేదానికి అక్కా" అన్నాడు కుళందైసామి. "సదివేవాళ్లు లేరు గదా, ఊరికి దోషం."

"నేను సదువుతా ఉండాను. నా కూతురు సదువుతా ఉండాది."

అరుగు మీద పెద్దమనిషి ఆండియప్ప తల ఎత్తాడు. "ఏదీ, సదువమ్మా."

రామక్కాళ్ అక్కడే నిలబడి చదివింది. అడవిలో చీకటి పడ్డాక ఆ పడుచు ఆవును పేరుపెట్టి పిలిచే చోటు. చుట్టూ జనం పోగయ్యారు. ఆండియప్ప పైగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. గెలిచాననే అనుకుంది, పాపం.

"ఎంత గొప్ప మాటలురా!" అన్నాడాయన. "దీన్నా మనం ఊరికే మోసుకుపోయి విడిచేది? మేళం పిలవండి. ఊరంతా రావాల."

"విడవొద్దు పెదనాయనా! ఇంటికి ఇయ్యండి. పిల్ల సగంలో ఉండాది."

"దేవుడి సొత్తమ్మా. ఇంట్లో మైల తగిలితే పాపం ఎవరిది?"

కుళందైసామి ఆమె చేతిలోని కట్టను మెల్లగా తీసుకుని, కళ్లకద్దుకుని గంపలో పెట్టాడు. లాక్కుని ఉంటే ఆమె తిరగబడేదేమో. అంత భక్తితో తీసుకున్నవాడిని ఏం చేస్తుంది! మేళం మోగింది, ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ కులవలు పెట్టారు, కట్టలు ఒక్కొక్కటే ఎర్రనీళ్లలో కొట్టుకుపోయాయి. ఆ ఊళ్లో ఇంకెవరినీ అంత గొప్పగా సాగనంపలేదు.

తిరిగి వచ్చే దారిలో రామక్కాళ్ కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆ ఆవు ఏమైందంటేనమ్మా..." అని మొదలుపెట్టింది.

పాపమ్మాళ్ చెయ్యి విడిపించుకుని రెండు చెవులూ మూసుకుంది. "చెప్పొద్దు! నేనే సదువుకుంటా."

మర్నాడు ఊరంతా విత్తడానికి చేలకు కదిలింది. పిల్ల ముఖం కడుక్కుని, పెరట్లో ఇసుక చదును చేసి కూర్చుంది. రామక్కాళ్ పత్తి విత్తనాల గంప తెచ్చి దాని ముందు దించింది.

"పొద్దుగూకినాక సదువుదామా అమ్మా?" అంది పిల్ల.

రామక్కాళ్‌కు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఆమె నిజంగానే తెలియక అడిగింది.

"ఏం సదువుతావు?"

పిల్ల లేచి గంప నెత్తికెత్తుకుంది.