ముందు కుట్టిన ముగింపు

తిరిగొచ్చిన పుస్తకాలను గుడ్డతో దులిపి, ఆమె చదివినవాళ్ళ మాటను బట్టి అరలో సర్దుతోంది. మెచ్చినది నిలబడుతుంది, మెచ్చనిది పడుకుంటుంది. అద్దె పుస్తకాల కొట్టు తెరిచిన నాటినుంచీ ఇదే లెక్క. తను మాత్రం చదవదు. తానే చదువుతూ కూర్చుంటే కొట్టెవరు చూస్తారు?

ఈ ఒక్క పుస్తకమే లెక్కకు లొంగడం లేదు. యుద్ధం ముగిశాక నీడలను రణరంగంలో వదిలేసి, వాటికోసం దయ్యాల అడవిలో తిరిగే మాజీ సైనికుల నవల. పొద్దుటినుంచి దాన్ని లేపుతోంది, పడుకోబెడుతోంది.

"భలే ఉందక్కా," అన్నాడు పోయిన నెల చదివిన బస్సు డ్రైవరు. "చివరికి అందరూ నీడలతో సహా ఇల్లు చేరారు. ప్రాణం కుదుటపడింది."

నిన్ననే చదివిన నర్సు నవ్వింది. "ఏ పుస్తకం చదివావయ్యా నువ్వు? ఇల్లు చేరేది మొదట్లోనే. అడవి ఆ తర్వాత. ఇక అందులోంచి బయటపడరు. భయంతో లైటు ఆర్పలేదు నేను."

"నిద్రలో చదివుంటారు సిస్టర్!"

"నువ్వు బస్సు నడుపుతూ చదివుంటావు!"

ఆమె అట్ట తెరిచింది. పేజీల అంకెలు చూసింది. ఆఖరి ఫారం, అంటే ఇల్లు చేరే ఆ పదహారు పేజీల మడత, ముందు కుట్టి ఉంది. వీళ్ళిద్దరి చదువుకూ మధ్య, వెన్ను ఊడిందని పుస్తకం వెనక గదికి వెళ్ళొచ్చింది.

వెనక గదిలో అన్నయ్య ఎప్పటిలాగే గోడకు వీపు ఆనించి, తలుపుకు ఎదురుగా కూర్చున్నాడు. వంగిన పెద్ద భుజాలు, గోళ్ళనిండా ఎండిన జిగురు. సైన్యం వదిలి నాలుగు రోజులుంటానని వచ్చి, ఇక్కడే ముసలివాడయ్యాడు. ఊరికే కూర్చోకుండా ఉంటాడని ఆమె చిరిగిన పుస్తకాలు చేతికిచ్చింది. ఆమెకు బైండరు దొరికాడు, అతడికి అన్నం దొరికింది. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్క కాగితం తారుమారు కాలేదు.

"ఆఖరి ఫారం ముందు కుట్టేశావేంటి అన్నయ్యా? కళ్ళజోడు మార్చాలా?"

"చూసే కుట్టాను."

"చదివావా?"

"కుడుతుంటే కంట పడదా మరి." గోటి మీది జిగురు గీక్కున్నాడు. "ఇంటికి రావడం చివర్లో పెట్టాడు ఆ రాసినాయన. వచ్చాకే కదే మొదలయ్యేది."

ఆమె పుస్తకం అతడి ముందు పెట్టింది. "చాల్లే సంబడం. నా దగ్గర నీకేం తక్కువైందని?"

"నీ దగ్గర తక్కువేముందే!" అతడు నవ్వాడు. "విప్పి సరిగ్గా కుడతాలే. జనం తిడతారు."

కొట్టులోకి వచ్చింది గానీ బేరం మీద మనసు నిలవలేదు. అన్నం, మంచం, పని, అన్నీ ఇచ్చింది. ఎటు కూడినా మొత్తం తేలడం లేదు. ఇన్నాళ్ళూ వెనక గదిలో ఉన్న మనిషి ఇల్లు చేరినట్టా, చేరనట్టా? ఇవాళ అడిగేద్దామని సాయంత్రం టీ పట్టుకుని లోపలికి వెళ్ళింది.

అతడు బల్లమీద తల వాల్చి ఉన్నాడు. పిలిచింది. భుజం తట్టింది. చల్లబడిన చేతిని పట్టుకుని, బయట ఎవరో "అక్కా, అక్కా" అంటున్నా పలక్కుండా కూర్చుంది.

పాత కుట్లన్నీ విప్పేసి ఉన్నాయి. ఇల్లు చేరే ఫారం దొంతరలో కలవకుండా అతడి మోచేతి పక్కన విడిగా పడి ఉంది. దానిమీద సూది, సూదిలో కొత్త దారం. ముడి మాత్రం వేసి లేదు.