ఆయమ్మ స్టూలు

ఆయమ్మ స్టూలు కాళ్లకు చుట్టిన గుడ్డపేలికలను మళ్లీ బిగించి కట్టింది. అది కిర్రుమంటే చాలు, చిట్టి బల్లకింద దూరుతుంది. ఆటిజం ఉన్న పిల్లయినా అందరితోపాటే రెండో తరగతి చదవాలని చేర్చుకున్నప్పుడు, పక్కన కూర్చోవడానికి ఆయమ్మను పెట్టారు. పిల్ల కుదురుకునేకొద్దీ టీచరమ్మ ఆ స్టూలును దూరం జరిపిస్తూ వచ్చింది. బల్ల పక్కనుంచి వెనక గోడకి, అక్కణ్ణుంచి గుమ్మంలోకి, ఇప్పుడు వరండాలోకి. రేపట్నుంచి ఆయమ్మ పని నర్సరీలో.

చిట్టి పక్కన ఇప్పుడు ఓ బోసినోటి బుడతడు కూర్చుంటున్నాడు. ముందు పళ్లు రెండూ ఊడాయి, ముక్కు తుడుచుకోవడం రాదు. అలాంటివాడి పెన్సిలు చిట్టి చొరవగా తీసుకుంటుంటే ఆయమ్మకు ఒళ్లు మండిపోయేది. ఇన్నేళ్లలో ఎందరి ముక్కులు తుడిచిందో, ఎందరికి గుడ్డలు మార్చిందో! పై తరగతికి వెళ్లాక ఒక్కరూ తిరిగి చూడలేదు. చిట్టి ఒక్కతే తన చెయ్యి వెతుక్కుంది. ఆ చోటునే ఈ పిడికెడంత వెధవ కొట్టేశాడు.

"గంట సంగతి వాడికి చెప్పారా ఆయమ్మా?" అంది టీచరమ్మ.

"చెప్పానండీ."

చెప్పలేదు. గంట మోగేముందు చిట్టి వీపు మీద అరచెయ్యి గట్టిగా ఆనించాలి. అప్పుడు పిల్ల చెవులు మూసుకుని సిద్ధమవుతుంది. లేదంటే ఆ మోతకు బెంబేలెత్తి గుక్కపట్టి ఏడుస్తుంది. ఏడవనీ. అందరూ "ఆయమ్మా!" అంటూ పరుగెత్తుకు రానీ. తను చేస్తున్నది ఎంత పాడుపనో ఆమెకు తెలుసు. అయినా గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది.

బుడతడు గడియారం వైపు చూశాడు. పెన్సిలు పక్కన పెట్టి, చిట్టి వీపు మీద, సరిగ్గా భుజాల మధ్య, అరచెయ్యి ఆనించాడు. చిట్టి చెవులు మూసుకుంది. గంట మోగింది, ఆగింది. ఎవరూ ఏడవలేదు.

వాడు బయటికి రాగానే ఆయమ్మ రెక్క పట్టుకుంది. "నీకెవరు చెప్పార్రా?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు రోజూ చేస్తావుగా, చూశా."

పాలపళ్లు ఊడినవాడి మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది. కుళ్లు మాత్రం తగ్గలేదు.

ఆఖరి పీరియడ్లో నర్సరీ గది ఊడవడానికి పిలిచారు. తిరిగొచ్చేసరికి చిట్టిని వాళ్లమ్మ తీసుకెళ్లిపోయింది. వరండాలో స్టూలు కూడా లేదు. లోపలికి తొంగి చూస్తే, మొదటిరోజు ఉన్నచోటే, చిట్టి బల్ల పక్కనే ఉంది. బుడతడొక్కడే సంచి సర్దుకుంటున్నాడు.

"చిట్టే లాక్కొచ్చింది. నేను కూచోబోతే నెట్టేసింది."

"నిన్ను కూడానా?"

"ఊఁ."

"గట్టిగానేనా?"

"కింద పడ్డా!"

ఆయమ్మ ముఖం విప్పారింది. వాడి ముక్కు శుభ్రంగా తుడిచి, సంచి భుజానికి తగిలించి పంపింది. స్టూలు నర్సరీకి తీసుకుపోదామనే వచ్చింది, కానీ ముట్టుకోలేదు. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. చిట్టి బల్ల పక్కన, గుడ్డపేలికలు చుట్టిన కాళ్లతో, స్టూలు ఖాళీగా ఉంది.