వెనక చాప

...కానీ చాప మీద కూర్చోవడమే తప్పయితే, ఇప్పుడు తాను కూర్చున్నది కూడా చాపే కదా. బస్సు డిపోలో నీలిరంగు ప్లాస్టిక్ చాప, ఇక్కడ ఈత చాప. అక్కడా కళ్లు మూసుకుంటాడు, ఇక్కడా మూసుకుంటాడు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఇక్కడ ఇంకాసేపట్లో అడుగుతారు.

డానియల్ కళ్లు తెరిచాడు. మందిరంలో పాట నడుస్తోంది. కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు, మధ్యలో దారి. దారి చివర తెల్లగుడ్డ కప్పిన బల్ల. గుడ్డ కింద రొట్టె, ద్రాక్షరసం. నెలలో మొదటి ఆదివారం కాబట్టి ఇవాళ ప్రభువు బల్ల. అతను మాత్రం అందరికీ వెనక, చెప్పులు విడిచే గుమ్మం పక్కన ఉన్నాడు.

ఈ సంఘంలో అదొక పద్ధతి. ఎవరి మీదనైనా మాట వస్తే బల్ల రోజున వాళ్లు వెనక చాప మీద కూర్చోవాలి. ఎవరూ తిట్టరు. మాట్లాడటం మానరు. పాటలో గొంతు కలపవచ్చు, కానుక వేయవచ్చు. బల్ల దగ్గరికి మాత్రం పోకూడదు. తాగి కొట్లాడినవాళ్లు ఇక్కడ కూర్చున్నారు. మనుమరాలి కోసం బోనమెత్తిన సత్తమ్మ కూర్చుని, ఏడ్చి, తప్పు ఒప్పుకుని ముందుకు పోయింది. ఊపిరి పీల్చినందుకు కూర్చున్న మొదటివాడు డానియల్.

ఇవాళ పాస్టరు అయ్యగారు ముందుకు పిలుస్తారు. "దాన్ని విడిచిపెట్టాను" అని అందరి ముందూ ఒక్కమాట చెబితే చాలు. అమ్మ పక్కన నిలబడి బల్ల తీసుకోవచ్చు. ఆడవాళ్ల వైపు, మోకాళ్ల నొప్పికి వేయించుకున్న ప్లాస్టిక్ కుర్చీలోంచి బిక్షమ్మ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది. వెనక చాప మీద కొడుకు ఉన్నాడని కాదు. ఉన్నవాడు లేచి వెళ్లిపోతాడేమోనని.

ఒక్కమాట. మాటలకేం కరువు తనకు? ఒకప్పుడు డానియల్ ప్రార్థన చేస్తే కరెంటు పోయినా ఎవరికీ తెలిసేది కాదనేవాళ్లు. గృహప్రవేశాలకు, దవాఖానకు పోయేవాళ్లకు, కొత్త ట్రాక్టరుకు, అన్నిటికీ అతనే. బస్సు తోలి తోలి ఇంటికొచ్చినా, స్నానం చేసి పోయి ప్రార్థన చేసేవాడు.

ఒక ఈస్టరు నాడు కూడా అతనే చేశాడు. తెల్లవారకముందే సంఘమంతా తెల్లబట్టల్లో ఊరి కొండ మీది కోట కింద బండల మీద చేరింది. సూర్యుడు ఇంకా రాలేదు. మైకు పట్టుకుని కృపగల తండ్రీ అన్నాడు. కొంచెం ఆలస్యంగా కోటగోడ కూడా కృపగల తండ్రీ అంది. అతను ఇంకో మాట అన్నాడు. గోడ ఆ మాట కూడా అంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత వినడం మొదలుపెట్టాడు. చీకట్లో, కొండమీద, ఎవరో ఒకాయన చాలా అందంగా మాట్లాడుతున్నాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణకాలో, ఎక్కడ జనం స్తోత్రం అంటారో బాగా తెలిసిన మనిషి. దేవుడితో మాట్లాడుతూ కూడా పక్కవాళ్ల వైపు ఒక చెవి వేసి ఉంచిన మనిషి. ఈయనెవరు, అనుకున్నాడు డానియల్. ఈయన నాకు నచ్చలేదు.

ఆ రోజు అందరూ చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. కానీ తర్వాత ఎప్పుడు ప్రార్థనకు నోరు తెరిచినా, తనకంటే ముందే ఆ మనిషి మొదలుపెట్టేవాడు. డానియల్ నోరు మూసుకునేవాడు. వారాల తరబడి అలా మూసుకుని ఉండగా నిద్ర పట్టకుండా పోయింది. కొండమల్లేపల్లి దాటి, చింతపల్లి దాటి, మాల్ ఊరి వైపు బండి పోతుంటే రెండువైపులా బత్తాయి తోటలు ఎవరో గీసి పెట్టిన బొమ్మల్లా కదలకుండా నిలబడేవి. రోడ్డే కదిలేది. ఛాతీ మీద బండ పెట్టినట్టుండేది. డాక్టరు పరీక్షలు చేయించి గుండె మంచిగుందన్నాడు. ఇంకేదో మంచిగా లేదని ఇద్దరికీ అర్థమైంది.

డిపోలో యోగా క్లాసు అప్పుడే పెట్టారు. నడుము నొప్పులున్న డ్రైవర్ల కోసం. నవనీత అనే ఆమె వచ్చి నేర్పేది. తోటి డ్రైవరు హనుమంతు చెయ్యి పట్టి లాక్కుపోయాడు. మొదటిరోజు అందరూ ఓం అంటే డానియల్ పెదవులు గట్టిగా బిగించి గొంతులోనే ఏదో అన్నాడు.

పక్కచాప మీది నుంచి హనుమంతు ఒక కన్ను తెరిచాడు. "ఏందిరా, సెల్ఫ్ అందుకోని బండి లెక్క గుర్రుమంటున్నవ్?"

"నేను గది అనరాదే."

"అనకు మరి. ఆమేన్ అను. నిన్నెవరన్న పట్టుకున్నరా?"

అందరూ దీర్ఘంగా ఓం అంటుంటే డానియల్ లోపల ఆమేన్ అనుకున్నాడు. సూర్యనమస్కారాలప్పుడు నీళ్లు తాగొస్తానని బయటికి పోయేవాడు. అతనికి కావలసింది చివర్లో ఉండేది. వెన్ను నిలబెట్టి కూర్చుని, లోపలికి పోయే గాలిని, బయటికి వచ్చే గాలిని ఊరికే చూడటం. ఎవరిని తలుచుకుంటారో మీ ఇష్టం, ఎవరినీ తలుచుకోకున్నా సరే, అంది నవనీత.

మొదట్లో ఏమీ లేదు. లారీల హారన్లు, నడుములో నొప్పి, హనుమంతు సన్నటి గురక. తర్వాత ఒక పొద్దున, గాలి వెళ్లి తిరిగి రావడానికి మధ్య కొద్దిపాటి జాగా కనిపించింది. అందులో కోటగోడ మీది మనిషి లేడు. ఆయన మాట్లాడటం ఆపేశాడు. ఆయన ఆగిపోయాక తెలిసింది, అక్కడ ఇంకెవరో ఉన్నారని. మాట్లాడనివాళ్లు. ఎప్పటినుంచో, ఇతను ఆపుతాడేమోనని చూస్తూ కూర్చున్నట్టు ఉన్నారు. డానియల్‌కు కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆ రాత్రి నిద్రపోయాడు.

కానీ ఇంకో సంగతి కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. కొన్నిరోజులు ఆ జాగాలో ఎవరూ ఉండేవాళ్లు కాదు. భయం కూడా ఉండేది కాదు. ఎండకు ఆరేసిన తెల్లగుడ్డలా అంతా ఉత్త వెలుగు. యేసూ అనే పేరును ఊపిరి మీద పెట్టి చూశాడు. కొన్నిసార్లు నిలిచేది. కొన్నిసార్లు నీటి మీద వేసిన ఆకులా మెల్లగా పక్కకు పోయేది. తాను కూడా పక్కకు పోయేవాడు. లేచాక చాలా హాయిగా ఉండేది. ఆ హాయిని తలుచుకున్నప్పుడే భయం వేసేది.

యోగా దినం నాడు తీసిన ఫొటోలో డానియల్ ముందు వరసలో, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎవరు పంపారో గానీ, సాయంత్రానికి అది సంఘం వాట్సాప్‌లో ఉంది.

మరునాడే దశరథం అయ్యగారు ఇంటికి వచ్చారు. డానియల్‌కు ప్రార్థన నేర్పిందే ఆయన. టీ గ్లాసు చేతిలోకి తీసుకుని మొదలుపెట్టారు.

"వంగుడు లేసుడు వద్దంటలేను డానియల్. నాకు గూడ షుగరుంది, నేను గూడ నడుస్త. గని మనసు ఖాళీ చేసుడేంది? ఊడ్సిన ఇల్లు ఉత్తగ పెడితే ఏమైతదో వాక్యంల లేదా? పోయిన దయ్యం ఉత్తగ రాదు, ఇంకో ఏడింటిని తోలుకొస్తది."

"ఖాళీ అయితలేదు అయ్యగారు. మాట్లాడుడు బందైతది, గంతే."

"మాట్లాడకుంటే ప్రార్థనెట్లైతది?"

గుమ్మం దగ్గర కూర్చున్న బిక్షమ్మ ఆగలేకపోయింది. "నీకు జరమొస్తే రాత్రంత దేవునితోని కొట్లాడి తెచ్చుకున్న కదరా నిన్ను. నువ్వేమో ఆయనతోని మూగనోము పట్టినవ్."

అయ్యగారికి నవ్వొచ్చింది. "నోములెక్కడియి బిక్షమ్మా మనకు?"

"మాటకన్న అయ్యగారు. గది గూడ పట్టుకుంటరా? నన్ను గూడ ఎనక చాప మీద ఏస్తరా?"

ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక అయ్యగారు గ్లాసు కింద పెట్టి మెల్లగా అడిగారు. "ఒక్కటి చెప్పు. గక్కడ యేసు ఉంటడా?"

డానియల్ అబద్ధం చెప్పలేదు. "ఒక్కోసారి."

"మిగిలినప్పుడు?"

"ఎవ్వరుండరు. నేను గూడ ఉండ."

"గదే నా భయం," అన్నారు ఆయన. ఆ గొంతులో కోపం లేదు. బావిలోకి తొంగిచూస్తున్న పిల్లవాడి భుజం పట్టుకున్నవాడి గొంతులా ఉంది.

ఈ సంగతి విని హనుమంతుకు మండింది. "మీ అయ్యగారి పేరు దశరథం. గా పేరు పెట్టుకోని ఆయన యేసును కొల్వొచ్చు, నువ్వు ముక్కుతోని గాలి పీలిస్తే తప్పైందా?"

"పేరు ఆయన పెట్టుకున్నడా? వాళ్ల నాయిన పెట్టిండు."

"మరి నీ ముక్కు ఎవరు పెట్టిన్రురా? అంగట్ల కొనుక్కొచ్చినవా?"

డానియల్ అప్పుడు పడీపడీ నవ్వాడు. కానీ హనుమంతు అనుకున్నంత తేలిక కాదది. అయ్యగారి భయం తన భయమే. ఆ వెలుగులో ఎవరూ లేనప్పుడు, నిజంగా ఎవరూ లేరా, లేక తనకు కనబడేంత దూరంలో లేరా? మరి మాటలతో నిండిన ఆ రోజుల్లో మాత్రం ఎవరున్నారు? కోటగోడ మీది మనిషే కదా. ఇల్లు నిండా వాడొక్కడే కూర్చుని ఉంటే దాన్ని నిండిన ఇల్లు అనవచ్చా?

పాట ఆగింది. ఫ్యాన్ల చప్పుడు మిగిలింది. గుడ్డ తీశారు. వరసలు వరసలుగా లేచి, బల్ల దగ్గరికి పోయి, తీసుకుని, తలలు వంచుకుని తిరిగి వస్తున్నారు. వాళ్ల మొహాలు నిద్రలో నడుస్తున్నవాళ్ల మొహాల్లా మెత్తగా ఉన్నాయి. ఎంత నిశ్శబ్దంగా ఉన్నారు వీళ్లందరూ, అనుకున్నాడు. నోట్లో రొట్టె ఉన్నప్పుడు ఎవరూ మాట్లాడరు. ఆ కాసేపు వీళ్లు ఎక్కడుంటారు?

"డానియల్ సహోదరుడు ముందుకు రావాలె."

లేచాడు. దారి పొడుగునా గచ్చు చల్లగా తగిలింది. కిటికీ వెలుగు పడిన చోట కొంచెం వెచ్చగా. తలలు అతని వైపు తిరిగాయి. భార్య మెర్సీ మాత్రం తల వంచుకునే ఉంది. నువ్వు నిద్రపోతున్నవు, నాకు గది చాలు, మిగిలింది నీకు దేవునికి, అని రాత్రి చెప్పింది. అమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతోంది. అతను చెప్పగానే పక్కకు వచ్చి నిలబడటానికి.

అయ్యగారు పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. "చెప్పు డానియల్," అన్నారు, దాదాపు బతిమాలుతున్నట్టు.

మాట సిద్ధంగా ఉంది. నాలుక మీదే ఉంది. విడిచిపెట్టాను ప్రభువా అని మొదలై, మధ్యలో తప్పిపోయిన గొర్రె వచ్చి, చివర గొంతు వణికే చోటు దాకా మొత్తం అల్లి ఉంది. ఎవరు అల్లారో అతనికి తెలుసు. అది చెబితే జనం ఏడుస్తారు. అమ్మ ఏడుస్తుంది. తాను కూడా ఏడుస్తాడేమో. అందరూ ఇంటికి పోయి అన్నం తింటారు.

చెప్పలేదు. లోపలి మనిషి తన ప్రార్థన అంతా చెప్పుకుని అయిపోయేదాకా ఊరుకున్నాడు. గాలి లోపలికి పోయింది. బయటికి వచ్చింది. ఎవరో దగ్గారు. అయ్యగారు పళ్లెం అంచును రెండు చేతులా ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఆయన భయపడుతున్నాడు పాపం, అనుకున్నాడు డానియల్, నాకోసం.

అప్పుడు నోరు తెరిచాడు. వచ్చింది మంచి గొంతు కాదు. కొద్దిగా జీర పోయి, చిన్నగా ఉంది. ముందు వరసకైనా వినపడిందో లేదో.

"నేను ఇడిసిపెట్టలే అయ్యగారు. నాకు బల్ల గూడ కావాలె."

కుడి అరచేయి ఎడమ అరచేతి మీద పెట్టి, రెండు చేతులూ పళ్లెం ముందుకు చాచాడు.