అంతేగా టీచరు
అద్దం ముందు కూర్చుని జడ వేయించుకుంటూ బావగారి కూతురు పాఠం అప్పజెబుతోంది.

"బరువైన వస్తువు ముందు పడును. తేలికైన వస్తువు తరువాత పడును."

సైన్సు టీచరు చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ఎవరే నీకీ తప్పుడు పాఠం నేర్పింది?"

"నువ్వే పిన్నీ! వీడియోలో. రేపు పరీక్షలో వస్తుందని సారు పదిసార్లు వల్లె వేయించారు." పిల్ల చెయ్యి గాల్లో ఊపి, అచ్చం పిన్నిలాగే సాగదీసింది. "బరువైనదే ముందు పడుతుంది... అంతేగా?"

ఆ చివరి మాట వినేసరికి టీచరు జడను సగంలో వదిలేసింది.

బడిలో ఆవిడకున్న పేరే 'అంతేగా టీచరు'. ఆవిడ క్లాసులో ఆ మాటకు అర్థం ఒక్కటే: ఇప్పుడు నేను చెప్పింది తప్పు, పట్టుకోండి చూద్దాం. పోయినేడు తీసిన వీడియోలోనూ అదే చేసింది. ఒక చేతిలో రాయి, ఇంకో చేతిలో ఉండచుట్టిన కాగితం. "అంతేగా?" అని కనుబొమలెగరేసి, నలభై సెకన్లు నోరు విప్పకుండా నిలబడుతుంది. ఆ నలభై సెకన్లూ క్లాసులో పిల్లలు అవునని కొందరు, కాదని కొందరు కొట్టుకు చావాలి. అప్పుడు రెండూ వదులుతుంది. రెండూ ఒక్కసారే నేలకు తగులుతాయి.

బడికి వెళ్ళగానే పుస్తకాల సంచీ అయినా దించకుండా వీడియోల గదికి వెళ్ళింది. కిటికీలు ఏనాడూ తెరవని ఆ గదిలో తడిసి ఆరిన సాక్సుల వాసన. వీడియోల ఆఫీసరు కీబోర్డు మీద బిస్కెట్ పొడి రాల్చుకుంటూ తింటున్నాడు. రాలిన పొడిని తడి వేలితో అద్ది మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. అదే వేలితో స్క్రీను మీద ఆవిడ మొహాన్ని నొక్కాడు. చెంప మీద జిడ్డు మరక మిగిలింది.

"ఇదిగోండి మేడమ్, మీ పాఠం. పదకొండు నిమిషాలది ఏడుకి దించాను. మధ్యలో మీరు ఊరికే నిలబడిపోయారు. మాట మర్చిపోయారనుకుని ఆ ముక్క లేపేశా."

"మర్చిపోలేదు. ఆగాను."

"చూసేవాళ్ళకి రెండూ ఒకటేలెండి."

"మరి రాయీ కాగితం వదిలిన ముక్కేదీ?"

"అది ప్రయోగం కదండీ. పరీక్షకని వల్లె వేయించే బట్టీ సెక్షనుకి ప్రయోగాలొద్దు, సూత్రం ఒక్కటే చాలన్నారు. అందుకని మీరు గట్టిగా చెప్పినచోట ఆపేశా."

"నేను గట్టిగా చెప్పింది అబద్ధమండీ!"

అతను నమలడం ఆపాడు. "పిల్లల దగ్గర అబద్ధమేంటి మేడమ్, టీచరై ఉండి?"

ఆవిడకు నవ్వు రాలేదు. తన పాఠం ఇంకొకరు వాడుకోవద్దని ఆవిడ ఏనాడూ అనలేదు. ఇచ్చిందే అందుకు. లెక్కల మేష్టారి త్రాసు వీడియో తనూ ఎన్నిసార్లో వాడుకుంది. కాకపోతే ముందు ఆయన పక్కన కూర్చుని, ఏది ఎందుకు పెట్టారో అడిగి తెలుసుకుని వాడుకుంది.

"బట్టీ వాళ్ళకి వేరే పాఠం తీసిస్తాను. పది నిమిషాల పని. ఇది మాత్రం ఇప్పుడే తీసెయ్యండి."

"పరీక్ష రేపండీ! నాలుగు బ్రాంచీలకి వెళ్ళిపోయింది. జవాబుల కాగితం కూడా మీ వీడియో చూసే రాశాం. మీ మాట మీద అంత నమ్మకం మరి!" అతను సొరుగులోంచి ఒక కాగితం తీసి జరిపాడు. "మిగతా ముప్పై పాఠాలూ వాడుకోవడానికి ఇక్కడో సంతకం పడేయండి."

కాగితం అంచున కూడా ఆ వేలి జిడ్డే. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

మైదానంలో ఒక రాయి ఏరుకుని తిన్నగా మూడో అంతస్తులోని బట్టీ సెక్షనుకు వెళ్ళింది. వాళ్ళ సారు గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"రండి రండి! ఒరేయ్, వీడియోలో టీచర్ని ఎప్పుడైనా నిజంగా చూశార్రా?"

ఆవిడ అతన్ని దాటుకుని లోపలికి నడిచింది. నోటుపుస్తకంలో కాగితం చింపి ఉండచుట్టింది, బల్లెక్కి నిలబడింది, రెండూ వదిలింది. రెంటికీ కలిపి ఒక్కటే చప్పుడు.

"ఏం చూశారు?"

నలభై తలలు వాళ్ళ సారు వైపు తిరిగాయి. చివరికి ఒక పిల్లాడు లేచాడు. "టీచర్, రేపు చూసింది రాయాలా, వీడియోలోది రాయాలా?"

"చూసింది రాయాలి నాన్నా."

"రాసుకోండి, రాసుకోండి! మార్కు పోతే నన్నడక్కండి," అన్నాడు సారు నవ్వుతూ. గడియారం చూసుకుని వీడియో పెట్టాడు. గోడ మీద ఆవిడే ప్రత్యక్షమైంది, శుభ్రంగా తల దువ్వుకుని, చేతిలో రాయి పట్టుకుని. "బరువైనదే ముందు..."

ఆవిడ బల్ల దిగి ప్లగ్గు పీకేసింది. గోడ నల్లబడింది.

"...పడుతుందీ!" అంది క్లాసు, ఆవిడ సాగదీసినట్టే సాగదీసి.

మూడో బెంచీలో బావగారి కూతురు పిన్ని కళ్ళలోకి సూటిగా చూసింది. చప్పుడు విన్నది, కళ్ళారా చూసింది. అయినా పెదవులు అందరితో పాటే కదిలాయి.

టీచరు నోటినిండా చేదు నీళ్ళూరాయి. మింగబుద్ధి కాక, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటి పంపు వైపు నడిచింది.