పాట ఆగిన చోట

నీళ్ల చప్పుడు.

ముందు అదే వినిపిస్తుంది.

ఎడారి దేశంలోని ఇబ్రా ఊళ్లో ఒక ఖర్జూరపు తోట. చెట్ల మొదళ్లను తడుపుకుంటూ పోయే సన్నని రాతికాలువ. ఫలజ్ అంటారు అక్కడివాళ్లు. కొండ కడుపులోంచి వచ్చిన నీళ్లు… నిద్రపోయేవాళ్లను లేపకుండా ఇల్లు దాటే మనిషిలా పోతుంటాయి.

తరవాత డ్రమ్ము.

తరవాత గిటార్లు — తోట మీద వడగళ్లు పడ్డట్టు.

మొన్న చలికాలంలో, ఒక శుక్రవారం సాయంత్రం, 'ఉప్పుగాలి' అనే రాక్ బ్యాండు ఆ తోటలో పాడింది. అంతా ఒకే ఆసుపత్రిలో పనిచేసే పిల్లలే. పాడేవాడు ప్రీతమ్, నర్సు. డ్రమ్ము వాయించే అబిగైల్ కూడా నర్సే. అదే ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే మణికుమారి, కంపెనీ బస్సు నడిపే ఆమె భర్త ఇస్రాయేలు అందరికంటే ముందు చాప వేసుకుని కూర్చున్నారు. పాటను రికార్డింగుకు పట్టే మైకు వాళ్ల పక్కనే ఉంది.

ఆ పాట మధ్యలో ఆగుతుంది. ఉన్నట్టుండి ఆగుతుంది. కాలువ వినపడాలని ప్రీతమ్ అలా కట్టాడు. కాసేపు నీళ్లు పాడతాయి. మళ్లీ డ్రమ్ము అందుకుంటుంది.

ఆ సంగతి ఇస్రాయేలుకి తెలియదు.

పాట అయిపోయిందనుకున్నాడు. చప్పట్లు కొట్టాడు… తోట మొత్తానికీ ఒక్కడే.

కొట్టి, భార్య వైపు వంగి, "మణీ, ఇది మన…" అన్నాడు.

"ష్ష్," అంది మణికుమారి.

డ్రమ్ము పడింది. పాట సాగిపోయింది. తిరుగుదారిలో ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. బిర్యానీలో ఉప్పు తక్కువైందని మాట్లాడుకున్నారు.

ఎండలు ముదరకముందే ఇస్రాయేలు పోయాడు. గుండెలో నొప్పి వస్తే బస్సును రోడ్డు వారకు తీసి, ఆపి, అప్పుడు తల వాల్చాడు. లోపలున్నవాళ్లలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

ఇప్పుడు ఆ రికార్డింగు బయటికి వస్తోంది.

"ఆ చప్పట్లూ మాటలూ తీసేద్దామనుకున్నానాంటీ," అన్నాడు ప్రీతమ్, తన రూమ్‌లో కంప్యూటరు ముందు కూర్చుని. "అక్కడ నీళ్లొక్కటే ఉండాలి. ఈ అబిగైలే, ముందు మిమ్మల్ని అడిగి చావమంది."

మణికుమారి చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టాడు.

నీళ్లు. చప్పట్లు. మణీ, ఇది మన… ష్ష్.

మళ్లీ పెట్టమంది.

మళ్లీ.

ఇది మన — ఏమిటి?

మన ఊరి కాలువలా ఉందనా. మన పెళ్లినాటి బ్యాండుమేళంలా ఉందనా. మన అదృష్టమనా…

"మన భోజనాలెప్పుడని అడిగుంటారు పిన్నీ," అంది అబిగైల్. "బిర్యానీ వాసన తగిలిందంటే బాబాయికి పాట ఎక్కుద్దా?"

మణికుమారి నవ్వింది. ఆ నవ్వు సగంలో తడిసింది.

"బాబూ, ఆయన మాట ఉంచు. నా ష్ష్ తీసెయ్. దాని కింద ఆయనన్నది ఉంటది."

ప్రీతమ్ పుండు మీది కట్టు విప్పినంత మెల్లగా పనిచేశాడు. ఆమె చప్పుడును పొరపొరగా వలిచాడు. వలిచి వినిపించాడు.

కింద ఏమీ లేదు.

నీళ్లు. అంతే.

"అంకుల్ ఇంకేం అనలేదాంటీ. మీరు ష్ష్ అనగానే ఆగిపోయారు."



ఇన్నాళ్లూ ఆ మాట తన చప్పుడు కింద నలిగిందనుకుంది మణికుమారి. నలగలేదు. ఆయన నోట్లోనే ఉండిపోయింది. ఉప్పు తగ్గించమంటే వినని మనిషి. బండి ఎక్కడాపాలో చెప్పినా వినని మనిషి. డాక్టరు మాటకు తల ఊపి, పకోడీకి చెయ్యి చాపే మనిషి.

ఒక్క ష్ష్‌కి ఆగాడు.

"మరయితే మొత్తం తీసెయ్యనా ఆంటీ?" ప్రీతమ్ గొంతు తగ్గించి అడిగాడు.

"వద్దు బాబూ. నాది కూడా పెట్టెయ్, ఎక్కడుందో అక్కడే." హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "అది లేకపోతే ఆయనంతట ఆయనే ఆగిపోయాడనుకుంటారు జనం."

మళ్లీ తనే అంది — "ఆయన ఆగలేదు. నేను ఆగమంటే ఆగాడు."

ప్రీతమ్ తెర మీది తన పాట వైపు చూశాడు. తరవాత, తీసిన చప్పుడును తీసిన చోటే పెట్టాడు.

పాట బయటికి వచ్చిన శుక్రవారం, పొద్దు వాలుతుండగా మణికుమారి ఆ తోటకు వెళ్లింది. చెప్పులు విడిచి, కాలువ అంచున కూర్చుని, పాదాలు నీళ్లలో వేసింది. ఒళ్లో ఫోను.

డ్రమ్ము. గిటార్లు. వడగళ్లు.

పాట ఆగింది.

చప్పట్లు… తోట మొత్తానికీ ఒక్కడే.

మణీ, ఇది మన…

ఆమె వేలు ఫోను మీద పడింది. అక్కడే ఆపింది. ష్ష్ రాలేదు. డ్రమ్ము రాలేదు.

"ఊఁ," అంది మణికుమారి, కొంచెం పక్కకు వంగి. "చెప్పండి."

నీళ్ల చప్పుడు.